మూడో తీగ

మన్సూరాబాద్ చర్చిలో యెహెజ్కేలంటే గిటారే. హయత్‌నగర్ డిపోలో బస్సులు బాగుచేసే మెకానిక్కని సగం మందికి తెలియదు. చిన్నప్పుడు ఊళ్లో పాస్టరు గారు నేర్పిన నాలుగు కార్డులతోనే, అంటే కలిపి మీటే నాలుగు స్వరాల గుత్తులతోనే, ఇన్నేళ్లూ ఆరాధన నెట్టుకొచ్చాడు. దాంతో తనకు తెలియనిది గిటారులోనే లేదనుకునే జబ్బు పట్టుకుంది.

ఆ జబ్బు జోస్నా మీద బయటపడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసే ఆ పిల్ల ఫోనులో చూసి గిటారు నేర్చుకుంది. పాటల ప్రాక్టీసులో ఆయన ‘ఏ’ మైనర్ వాయించమంటే, ‘ఏ’, ‘సి’, ‘ఇ’ స్వరాలకు ‘జి’, ‘బి’ కూడా చేర్చి మైనర్ నైన్త్ అనే కార్డు వాయించింది. అదీ అడుగున, అంటే అన్నిటికన్నా మంద్రంగా, ‘ఏ’ బదులు ‘సి’ పెట్టి.

"అడుగున ‘ఏ’ లేకుంటే అది ‘ఏ’ మైనర్ ఎట్లయితది?" అన్నాడు.

‘ఏ’ మూడో తీగ మీద ఉందని జోస్నా మెల్లగా చెప్పబోయింది. ఆయన వింటేగా! దేవుని పాటను ఖరాబు చేయొద్దని అందరి ముందూ దులిపేశాడు. ఆ పిల్ల గిటారు సంచిలో పెట్టేసింది. ఆ ఆదివారం వెనక బెంచీలో ఖాళీ చేతులతో కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయన జోస్నా వేళ్లు పెట్టిన తీరు గుర్తుచేసుకుని ఆ కార్డు పట్టి, ఒక్కో తీగా మీటి చూశాడు. ‘సి’, ‘ఇ’, ఆ తర్వాత మూడో తీగ. ‘ఏ’ అక్కడే ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. భార్య రెబెక్క వచ్చి ఏమైందని అడిగితే ముఖం తిప్పుకున్నాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ, ఎవరి అనుభవాలు వాళ్లు చెప్పుకునేటప్పుడు, లేచి నిలబడ్డాడు.

"జోస్నా తప్పు వాయించలే. నాకే తెల్వదు. తెల్వక బిడ్డను అందర్ల తిట్టిన."

అందరూ స్తోత్రం అన్నారు. ఎంత తగ్గింపు గల మనిషో అని ఒకామె మెచ్చుకుంది. ఆ మెప్పు ఆయనకు తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆ పిల్ల వాయించింది వాళ్లకు వినిపించాలని కార్డు పట్టాడు. ఇంట్లో నింపాదిగా పడితే కుదిరింది గానీ, స్పానర్లు పట్టి మొద్దుబారిన వేళ్లు ఇక్కడ మాట వినలేదు. మూడో తీగ పలకలేదు. మళ్లీ మీటినా అంతే. తలెత్తలేకపోయాడు.

వెనక బెంచీ నుంచి జోస్నా లేచొచ్చింది. ఆయన వేలు పట్టుకుని కొంచెం జరిపింది.

"గిక్కడ జర గట్టిగ నొక్కండి, అంకుల్."

ఈసారి ‘ఏ’ పలికింది. అప్పుడు కూడా యెహెజ్కేలు ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.