మూట అడుగున గూడు

చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం పోయే బస్సులో ఎనిమిదో తరగతి చరిత్ర పేపర్లు దిద్దుతున్నాను. ఓడిపోయిన పురుషోత్తముడు తనను రాజులా చూడమని అలెగ్జాండర్‌తో అన్నాడు కదా, ఆ మాట మీద ప్రశ్న. ఒక పిల్ల కన్నడంలో ఇలా రాసింది: "ఆయన నిజంగా అలా అన్నాడో లేదో మనకు తెలియదు." నాకు ఒళ్ళు మండింది. సున్నా పెట్టి, పేపరు చిరిగేలా గీత గీశాను.

కాళ్ళ దగ్గర పట్టుగూళ్ళ మూట పెట్టుకుని పక్కన కూర్చున్న పెద్దాయన అదంతా చదివాడు.

"ఆ రాజు అన్న మాట రాసిండేది ఎవురప్పా?"

"గెలిచినోళ్ళ తరఫోళ్ళు. మనకు దొరికిండే పుస్తకాలు ఎన్నో వందల ఏండ్ల తర్వాత రాసిండేవి."

"ఓడినోళ్ళు రాసిండేది?"

"ఏమీ దొరకలేదప్పా."

ఆయన గొంతు బస్సంతా వినిపించింది. "నా గూళ్ళు బాగుండాయని నేను చెప్తే శిడ్లఘట్ట మార్కెట్లో ఎవురన్నా నమ్ముతారా? మూట అడుక్కి చెయ్యి పెట్టి, గూడు కోసి, లోపల పురుగును చూసినాకే బేరం. నువ్వు పైపైన చూసి కొనేసినావు. అడుగున చూసిన బిడ్డకు సున్నా పెడ్తావా?"

శిడ్లఘట్టలో మూట ఎత్తుకుని దిగిపోయాడు. నా వైపు చూడను కూడా లేదు.

సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. కోపం మాత్రం తగ్గలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. ఎవరు రాశారని అంతకుముందు ఎంతమంది పిల్లలు లేచి అడిగారో గుర్తులేదు. "పుస్తకంలో ఉంది, కూర్చో" అని నేను అరిచింది మాత్రం గుర్తుంది.