ఖాళీ అనుకున్న ట్యాంకు

కరోనా రావడానికి ముందటి ఏడాది నేను బోధన్ దగ్గరి ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఎగుమతుల విభాగం చూస్తుండేదాన్ని. అంతకుముందు చాలాకాలం అక్కడే ల్యాబ్‌లో కెమిస్టును. ఎగుమతులకు మార్చినప్పుడు ఇచ్చిన హోదా డిప్యూటీ మేనేజర్, ప్రమాదకర సరుకులు. నిజామాబాద్‌లో ఇల్లు, రోజూ కంపెనీ బస్సులో రాకపోకలు.

మేం తయారు చేసేది ఇథైల్ ఎసిటేట్. చక్కెర తీయగా మిగిలిన నల్లటి మొలాసిస్ నుంచి ఆల్కహాల్, ఆల్కహాల్ నుంచి ఇది వస్తుంది. రంగుల్లో, అచ్చు సిరాల్లో, మందుల తయారీలో వాడతారు. పండిన పండు లాంటి వాసన వేస్తుంది కానీ చిన్న నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది. దాన్ని సముద్రం మీద పంపాలంటే అంతర్జాతీయ నియమాలు బోలెడు. విదేశాలకు పోయే సరుకును ఐసో ట్యాంకుల్లో నింపేవాళ్లం. ఉక్కు చట్రంలో అడ్డంగా బిగించిన పెద్ద స్టీలు పీపా అనుకోండి. ముంబై వైపు రేవు నుంచి ట్రైలర్ మీద ఖాళీగా వస్తుంది, నింపాక అదే ట్రైలర్ మీద పోయి ఓడెక్కుతుంది.

నింపే ముందు చేయాల్సిన పని చాలా ఉంటుంది. ట్యాంకుకు ఒత్తిడి పరీక్ష గడువు ఉందా, లోపల కడిగినట్టు ధ్రువపత్రం ఉందా, వాల్వులు బిగుతుగా ఉన్నాయా చూడాలి. తర్వాత లోపలి గాలినంతా బయటికి నెట్టి నైట్రోజన్ నింపాలి. గాలి లేకపోతే నిప్పంటుకునే ప్రమాదం ఉండదు. ఆ పైన సరుకు నింపాలి, అదీ అంచు దాకా కాదు. ఎండకు ద్రవం ఉబ్బుతుంది కనుక కొంత చోటు వదలాలి. మరీ తక్కువ నింపితే ఓడ ఊగినప్పుడు లోపల ద్రవం అటూ ఇటూ కొట్టుకుని ట్యాంకును కుదిపేస్తుంది. చివరగా నాలుగు వైపులా ఎర్రటి హెచ్చరిక పలకలు అంటించి, సీలు వేసి, డిక్లరేషన్ మీద నేను సంతకం పెట్టాలి.

నైట్రోజన్ గురించి ఒక మాట చెప్పాలి. అది విషం కాదు. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. రంగు లేదు, వాసన లేదు. అయితే ట్యాంకు నిండా అదొక్కటే ఉంటే అందులో ఆక్సిజన్ ఉండదు. ఒకటి రెండు ఊపిరులకే మనిషి స్పృహ తప్పుతాడు. ఊపిరాడటం లేదన్న బాధ కూడా తెలియదు. అందుకే ముందుగా గాలి పట్టించి, మీటరుతో ఆక్సిజన్ చూసి, పర్మిట్ రాస్తే తప్ప ఎవరూ ట్యాంకులోకి దిగకూడదు.

నింపే ప్లాట్‌ఫారం మీద ఇద్దరు అన్నదమ్ములు పనిచేసేవారు. మెండోర ఊరివాళ్లు. పెద్దవాడు లింబాద్రి ముందు చేరి, పని నేర్చుకుని, తర్వాత తమ్ముడు సాయిలును చేర్పించాడు. లింబాద్రి మితభాషి. సాయిలుకు మాటలు ఎక్కువ, కుతూహలం అంతకంటే ఎక్కువ. సముద్రం చూడలేదు కానీ మేం పంపిన ఓడ ఎక్కడుందో ఫోన్లో రోజూ చూసేవాడు. నేను బస్సు దిగగానే ఎదురొచ్చి, "మేడం, మనది సూయెజ్ దాటింది" అని సొంత బండి సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. నేనూ ఆ కబురు కోసం చూసేదాన్ని.

ఒకరోజు ఒక ఖాళీ ట్యాంకు కడిగి వచ్చింది, నైట్రోజన్ పట్టించడం కూడా అయింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత చూస్తే గేజీలో ఒత్తిడి మెల్లగా పడిపోతోంది. పైమూత కింద ఉండే రబ్బరు చుట్టు పాతబడి కారుతోందని తేలింది. దాన్ని మార్చమని షిఫ్ట్ ఇంజినీరు చెప్పాడు. అది పైనుంచే చేసే పని, లోపలికి దిగే అవసరం లేదు. మూత తెరిచి, కొత్త రబ్బరు కోసం లింబాద్రి స్టోరుకు వెళ్లాడు. సాయిలు పాతది పీకుతున్నాడు. నేను ప్లాట్‌ఫారం రెండో చివర మరో ట్యాంకు సీళ్లు సరిచూస్తున్నాను.

లోపల ఏదో బరువుగా పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే పైన సాయిలు లేడు.

ప్లాట్‌ఫారం నుంచి ట్యాంకు మీదికి మనిషి పట్టేంత ఇరుకు ఇనుప వంతెన ఒకటి ఉంటుంది. దాని మీదుగా వెళ్లి మూత దగ్గర ఊపిరి బిగబట్టి తొంగిచూశాను. సాయిలు అడుగున పక్కకు తిరిగి పడుకున్నట్టున్నాడు. చేతి పక్కన రబ్బరు ముక్క. ఏం జరిగిందో అర్థమైంది. పీకుతుంటే ముక్క తెగి లోపల పడింది. అది ఉండిపోతే సరుకు పాడవుతుందని, తీసుకొద్దామని దిగాడు. కడిగిన ట్యాంకు, ఇంకా సరుకు పోయలేదు, ఖాళీదే కదా అనుకుని ఉంటాడు. నైట్రోజన్ గురించి శిక్షణలో విన్నవాడే. వినడం వేరు, కంటికి కనబడని దాన్ని నమ్మడం వేరు.

అలారం నొక్కి, ప్లాట్‌ఫారం మీది గాలి పైపు లాగి ట్యాంకులో వదిలాను. వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగే ఫైర్ సిబ్బంది రావాలి. వాళ్ల గది ఆవరణకు అటు చివరన ఉంది.

వాళ్లకంటే ముందు లింబాద్రి వచ్చాడు. అలారం విని మెట్లన్నీ పరుగున ఎక్కాడు. నేను వంతెన మీద అడ్డంగా నిలబడ్డాను.

"అక్కా, జరుగు" అన్నాడు. ఎప్పుడూ మేడం అనేవాడు.

లోపల గాలి లేదని, దిగితే తనూ అలాగే పడిపోతాడని, మాస్కు వాళ్లు వస్తున్నారని చెప్పాను.

"నా తమ్ముడు అండ్ల. జన్మంత కండ్లకు కనబడుతనే ఉంటడు. జరుగు అక్కా."

"నువ్వు దిగితే ఇద్దరిని తియ్యాలె లింబాద్రీ. నేను జరగ."

నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. బస్తాలు మోసిన చేతులు. నన్ను పక్కకు తోయడం అతనికి ఒక పని కాదు. కానీ తోయలేదు. వదిలేసి, అక్కడే ఇనుప జాలీ మీద కూలబడి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు స్టీలు ట్యాంకులో మోగి మళ్లీ మాకే వినిపించింది. నేను కదల్లేదు. ఫైర్ వాళ్లు వచ్చాకే పక్కకు తప్పుకున్నాను.

తాడు కట్టి సాయిలును పైకి తీశారు. గుండె నొక్కుతూనే నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణం అంతకుముందే పోయిందని అక్కడి డాక్టరు చెప్పాడు.

విచారణ జరిగింది. లింబాద్రిని నియమం ప్రకారమే ఆపానని రాశారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు కనుక సరుకును వేరే ట్యాంకులో నింపి తర్వాతి ఓడకు పంపాం. సరుకు సురక్షితంగా ప్రయాణానికి సిద్ధంగా ఉందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టాను. ఆ ఓడ ఎక్కడిదాకా పోయిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మెండోరకు వెళ్లాను. వాళ్ల అవ్వ, అంటే తల్లి, బీడీలు చేస్తుంది. నా చెయ్యి పట్టుకుంది. "ఇద్దర్ల ఒక్కన్నన్న ఉంచినవ్ బిడ్డా" అంది. అప్పుడు లింబాద్రి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మళ్లీ పనికి రాలేదు.

రిటైరైన తర్వాత ఒకసారి పోచంపాడ్ పోతూ బాల్కొండలో టీ కోసం ఆగాను. హైవే పక్కన లారీల టైర్ల దుకాణంలో లింబాద్రి కనిపించాడు. జుట్టు నెరిసింది. స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. అవ్వ పోయిందని చెప్పాడు. నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. నేను లేచేటప్పుడు తనే ఆనాటి మాట ఎత్తాడు.

"నేను దిగితే సచ్చేటోన్నని నాకెరికే మేడం. మీ మీద కోపం లేదు. కని ఆ దినం నేను మిమ్మల్ని పక్కకు నూకలె. నూకి దిగుదును, పోతే పోదును. ఎందుకు నూకలేదని నన్ను నేనే అడుగుత. గా అడుగుడు ఎంతకూ ఒడుస్తలేదు."

లేచినదాన్ని మళ్లీ స్టూలు మీద కూర్చుని, ఇంకో లారీ వచ్చి ఆగాక వచ్చేశాను.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలో చేరిన వాళ్లకు అప్పుడప్పుడు పాఠం చెప్పమని పిలుస్తారు. దిగినవాణ్ణి కాపాడటం కన్నా ముందు రెండోవాణ్ణి ఆపాలన్నది అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది, నేనూ అదే చెబుతాను. ఆగినవాడు తర్వాత ఎలా బతకాలన్నది పుస్తకాల్లో లేదు, నాకూ తెలియదు. నేను చేయగలిగింది ఒక్కటే చేశాను. ఒకే ఇంటివాళ్లిద్దరినీ ఒకే ట్యాంకు మీద పనికి పెట్టకూడదని రిటైరయ్యేలోపు మా ఫ్యాక్టరీ నియమాల్లో రాయించాను.