చిట్కుల్ మీదుగా సూడాన్

ముందే చెప్పేస్తున్నాను: నేను దోమను చూసి గద్ద అని రాసే మనిషిని. మా ఆవిడ నా రాతలను నాలుగుతో భాగించి చదువుతుంది. మీరు కనీసం రెండుతోనైనా భాగించుకోండి. దారి మాత్రం సరిగ్గానే చెబుతాను. నా వెనకాల ఎవరైనా బయలుదేరితే తప్పిపోకూడదు కదా.

ఈ ప్రయాణానికి కారణం వరసకు నా బావమరిది అయిన మల్లారెడ్డి. పటాన్‌చెరు దగ్గరి చిట్కుల్‌లో పొలం చాలావరకు అమ్మి, ఫ్యాక్టరీ పనివాళ్లకు కిరాయి గదులు కట్టాడు. ఒక గదిలో ఇద్రీస్ అనే సూడాన్ మనిషి ఉంటున్నాడు. హైదరాబాద్‌లో ఫార్మసీ చదివి, ఇక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. వాళ్ల దేశంలో అంతర్యుద్ధం. అతని అక్క, ఇద్దరు పిల్లలతో సరిహద్దు దగ్గర చిక్కుకుపోయింది. పక్క దేశం గేటు తెరిస్తే దాటుతారు, లేకపోతే లేదు.

"మనిషి బువ్వ తింటలేడు బావా. నువ్వు మాటల పుట్టవు గదా, జెర వచ్చి మాట్లాడు," అన్నాడు మల్లారెడ్డి ఫోన్లో.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు సంగారెడ్డిలో పటాన్‌చెరు వైపు వెళ్లే బస్సెక్కాను. సీటులో నా వాటాకు చింతగింజంత చోటు దక్కింది. మిగతాదంతా సదాశివపేట పప్పుల షావుకారుది, ఆయన మూటది. నేను వెళ్తున్న పని చెబితే ఆయన కంది ఊరు దాటేదాకా ఆలోచించాడు.

"ఇంట్ల కొట్లాట ఇంట్ల ఉన్న కట్టెలతోనే అయితది. కట్టెలు ఇరిగినంక ఆగాలె. ఆగుతలేదంటే ఎవడో బయట కట్టెల దుక్నం పెట్టిండన్నట్టే," అన్నాడు.

వ్యాపారికి యుద్ధంలోనూ ముందు దుకాణమే కనబడింది. కానీ రుద్రారం దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే, కాలిన ఊళ్ల మధ్య తూటాలు ఏ చెట్టుకు కాస్తున్నాయి?

ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి చిట్కుల్‌కు షేర్ ఆటో ఎక్కాలి. మా ఆటోలో బీహార్, ఒడిశా, శ్రీకాకుళం జిల్లా మొత్తం ఎక్కేశాయి. డ్రైవర్ బయట వేలాడుతూ నడిపాడు.

పదకొండు కొట్టేసరికి మల్లారెడ్డి వాకిట్లో ఉన్నాను. వాకిలి నడుమ కొత్తగా ఒక గోడ, గోల్కొండ కోటకు చెల్లెలి వరస అయ్యేంత. అవతల తమ్ముడు నర్సిరెడ్డి. మిగిలిన రెండెకరాల మీద ఇద్దరికీ దావా నడుస్తోంది.

ఇద్రీస్ నాకంటే జానెడు పొడుగు. రాస్తే తాటిచెట్టంత అవుతాడు. ఫోను చేతిలోంచి దించకుండానే నాకు చాయ్ పోశాడు. నేను షావుకారు ప్రశ్న అడిగాను. అతను చిట్కుల్‌లో నేర్చిన తెలుగులో, హిందీ కలిపి ఓపికగా చెప్పాడు. రెండు పక్షాలకూ బయట దోస్తులున్నారు. ఒక దారిన బంగారం పోతుంది, ఇంకో దారిన తూటాల పెట్టెలు వస్తాయి. సరిహద్దు గేటు కూడా ఆకలి చూసి తెరుచుకోదు. ఈ పూట ఎవరితో స్నేహం లాభమో చూసి తెరుచుకుంటుంది.

మల్లారెడ్డి అంతా విని, మా ఇంటి కథే చెబుతున్నాడేందని నవ్వాడు. తన వకీలు ఖర్చు ఒక ప్లాట్ల వ్యాపారి పెట్టుకుంటున్నాడట. తమ్ముడి ఖర్చు అమీన్‌పూర్‌లో ఇంకో వ్యాపారిది. ఎవరు గెలిస్తే వాళ్లు తమ ఖర్చు పెట్టిన వ్యాపారికి భూమి అగ్గువ ధరకు రాసివ్వాలని ఒప్పందం. ఈ బెల్టులో అది మామూలే.

"మరి ఆ పైసలు వద్దనొచ్చు గదా పటేల్ సాబ్?" అన్నాడు ఇద్రీస్.

"నేను వద్దని, వాడు అనకపోతే? ఉన్న రెండెకరాలు గూడ పోతయ్."

"మా జనరల్ గూడ గిట్లనే అంటడు," అన్నాడు ఇద్రీస్. మల్లారెడ్డి ఈసారి నవ్వలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టెలు, కోడికూర. కారం తగిలి నా చెవుల్లోంచి వచ్చిన పొగ పాశమైలారం దాకా కనిపించి ఉంటుంది. ఇద్రీస్ రొట్టె తుంచి పక్కన పెట్టాడు. మూడు దాటాక అతని ఫోన్ మోగింది. అవతల అక్క గొంతు. మాట్లాడి, మా వైపు తిరిగి చెప్పాడు. దాటేసింది. పిల్లలు క్షేమం.

గేటు తెరవలేదట. పెట్టెలు దించి తిరిగిపోతున్న పక్క దేశం లారీని మాత్రం కావలివాళ్లు ఎప్పటిలాగే వదిలారట. ఖాళీగా పోవడమెందుకని డ్రైవర్ వీళ్లను ఎక్కించుకున్నాడు.

"నిండుగ వచ్చినప్పుడు మా ఊరు కాలింది. ఖాళీగ పోయినప్పుడు మా అక్క బతికింది. ఆ డ్రైవర్‌ను తిట్టాల్నా, వానికి దువా చెయ్యాల్నా, పటేల్ సాబ్?"

"ముందుగాల తిను," అని మల్లారెడ్డి రొట్టె ముందుకు జరిపాడు. ఇద్రీస్ తిన్నాడు. ఆ తర్వాత మల్లారెడ్డి ఫోన్ తీసి తమ్ముడికి చేశాడు. "నర్సిగా, రేపు వకీలు దగ్గరికి నేను పోతలేను. నువ్వు గూడ పోకు," అన్నాడు.

అయిదింటికి ఇస్నాపూర్‌లో సంగారెడ్డి బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు. ఎదురుగా బారులు తీరి వస్తున్న లారీలను ఇదివరకు ఎన్నిసార్లు చూశానో. ఏది నిండుగా వస్తోంది, ఏది ఖాళీగా వెళ్తోంది, ఎవరి కోసం అని మొదటిసారి చూస్తూ కూర్చున్నాను. తేల్చుకున్నది ఒకటే: ఇంటి గొడవ అని పేరు పెట్టినదానిలో ఇంటివాళ్లు తక్కువ.

సూడాన్ లారీ నా కల్పన అనుకుంటున్నారేమో. కాదు, దానికి నేను ఒక్క చక్రం కూడా అదనంగా బిగించలేదు. కల్పించింది మల్లారెడ్డి చేసిన ఫోన్. తమ్ముడి నంబరు తీసిన మాట నిజం. దాని వంక చూస్తూ నిలబడిన మాటా నిజం. తర్వాత ఫోన్ జేబులో వేసుకుని, నన్ను చౌరస్తాలో దింపడానికి బండి తాళాలు వెతుక్కున్నాడు.