ఊ కొట్టే పిన్ని

ఆ పేటలో ఇళ్లు కాలేజీ కంటే పాతవి. కాలేజీ వచ్చాక ప్రతి ఇంటివాళ్లూ నెత్తిన ఒక గది వేసుకున్నారు. అది ఖాళీగా ఉండదని తెలిశాక దాని నెత్తిన ఇంకొకటి వేశారు. మెట్ల సంగతి మాత్రం ఎవరూ ముందుగా ఆలోచించలేదు. ఒకరింట్లో అవి వంటింటి కిటికీకి అడ్డంగా పోతాయి, ఇంకొకరింట్లో స్నానాలగది కప్పు మీదనుంచి ఎక్కుతాయి. అది టీచర్లను తయారుచేసే కాలేజీ కావడంతో, సాయంత్రం ఆ వీధిలో నడిచేవారికి ఒక మేడ మీంచి చరిత్ర, ఎదురు మేడ మీంచి లెక్కలు వినపడతాయి. గదుల్లో వినేవాళ్లెవరూ ఉండరు. పాఠాలన్నీ గోడలకే.

ఆ గోడల మీద జాలిపడ్డ మనిషి పిన్ని. వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని పొడుగువి పొట్టి చేస్తుంది, బిగుతువి వదులు చేస్తుంది, ఊడిన గుండీలు కుడుతుంది. కొత్త బట్టలు మాత్రం కుట్టదు. ఒకరు కుట్టింది సరిచేయడానికి లేని భయం, కొత్త గుడ్డ కోయడానికి ఎందుకో తనకే తెలియదు. ఆమె భర్తకు ఒక చిన్న వ్యాను ఉంది. విద్యార్థుల మంచాలు, పెట్టెలు, పరుపులు ఈ మేడనుంచి ఆ మేడకు మోయడం ఆయన పని. పేటకంతటికీ ఆయన బాబాయ్. సామాను దించినంత సేపు నడుం నొప్పి అంటాడు, కబుర్లు మొదలైతే ఆ నొప్పి ఎటుపోతుందో దేవుడికే తెలియాలి.

చాలా ఏళ్ల కిందట వాళ్ల మేడమీద గదిలో ఉండే అమ్మాయి ఒకతె గోడవైపు తిరిగి "పిల్లలూ!" అని పిలిచి, జవాబు రాక ఏడుస్తోంది. పిన్ని చేతిలో గుడ్డతోనే పైకెక్కి, "గోడ ఊ కొడుతుందా ఎక్కడైనా? నాకు చెప్పు, నేను కొడతాను" అని కూర్చుంది. అంతే, ఆ మాట పేటంతా పాకింది. అప్పటినుంచి పరీక్షల ముందు అబ్బాయిలూ అమ్మాయిలూ చుట్టచుట్టిన నల్లబోర్డును చంకలో పెట్టుకుని ఆమె వీధి గదికి వరస కడుతున్నారు.

పిన్ని ఊ కొడితే ఆ అందమే వేరు. రాజు ఓడిపోతే ఆమె ఊఁ కిందికి జారుతుంది. లెక్క తేలితే పైకి లేస్తుంది. ప్రశ్న అడగబోయేలోపే "అయింది, అర్థమయింది" అని తల ఊపుతుంది. గొంతు పెగలని పిల్లలు కూడా ఆమె ముందు వాగుతారు. టీచర్లయిపోయి పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లు "ఈవిడే నా మొదటి స్టూడెంట్" అని చూపిస్తుంటే పిన్ని కొంగుతో నోరు మూసుకుని నవ్వుతుంది. ఆ మాట ఆమెకు ఎంత ఇష్టమంటే, అది విన్న రోజు గుండీలన్నీ వంకరగానే కుడుతుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పక తప్పదు. ఆ పాఠాల్లో చాలావాటిలో పిన్నికి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. చిన్నప్పుడు తరగతిలో ఒకసారి లేచి "అర్థం కాలేదండీ" అంది. మేష్టారు కొట్టలేదు, తిట్టలేదు. పిల్లలంతా ఘొల్లున నవ్వితే ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ తర్వాత బడి ఎక్కువ కాలం సాగలేదు, ఆ మాట మళ్లీ ఆమె నోట రాలేదు. పైగా ఎదురుగా నిలబడి చెమటలు కక్కే పిల్లల్ని చూస్తే, ఊఁ అనకుండా ఉండటానికి మనసెలా ఒప్పుతుంది?

ఈ ఏడాది మేడమీద ఉన్న అమ్మాయికి బాబాయ్ పెట్టిన పేరు ఎక్స్‌ప్రెస్. మాట మొదలుపెడితే మధ్యలో స్టేషన్లు ఉండవు. చందమామ పెరగడం, తరగడం ఆమె బడిపిల్లలకు చెప్పి చూపించాల్సిన పరీక్ష పాఠం. బల్ల మీద దీపం సూర్యుడు, చేతిలో రబ్బరు బంతి చందమామ. పిన్నికి ఎన్నోసార్లు వినిపించి, ఊఁలన్నీ మూటగట్టుకుని పరీక్షకు వెళ్లింది. తప్పి వచ్చింది.

వచ్చీ రాగానే మెట్ల మీద కూలబడింది. "పిల్లలకి అర్థమైందో లేదో చూసుకోకుండా వెళ్లిపోతున్నావన్నారు పిన్నీ. వెనక బెంచీలవాళ్లు మొహాలు తేలేశారట. నేను చూడనే లేదు."

"పోనీలేవే, మళ్లీ పెడతారుగా."

"ఇంకొక్కసారే పెడతారు. మా ఊరి దగ్గర బడివాళ్లు నాకోసం ఉద్యోగం ఆపి ఉంచారు. ఈసారీ పోతే ఇంకెవరినో తీసుకుంటారు." కళ్లు తుడుచుకుని, ఏ దురుద్దేశమూ లేకుండా అంది: "మీకు చెప్పిన ప్రతిసారీ అర్థమైందన్నారు. అందరికీ అలాగే అవుతుందనుకున్నాను పిన్నీ."

 ఆ రాత్రి పిన్ని అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"ఏమండీ, నేను ఊఁ అనడం వల్ల ఆ పిల్ల తప్పిందా?"

"ఊఁ" అన్నాడు బాబాయ్, పచ్చడి వెతుక్కుంటూ.

"వింటున్నారా అసలు?"

"నీ దగ్గర నేర్చుకున్నదేగా!"

ఇంకో రోజైతే నవ్వేదే. ఆ రోజు మూతి ముడుచుకుని కంచం తీసేసింది. నిజం చెబితే ఇన్నేళ్ల పరువూ పోతుంది. మొదటి స్టూడెంట్ మొద్దు అని పేటంతా తెలుస్తుంది. ఇంతమంది పిల్లల్ని మోసం చేసినట్టేనా? చెప్పకపోతే ఈ పిల్ల మళ్లీ అలాగే పరుగెత్తి బోర్లా పడుతుంది. ఆ పిల్ల పడుతుంటే చూడటం మాత్రం తన వల్ల కాదు.

మర్నాడు మధ్యాహ్నం కిటికీలు మూసి, దీపం వెలిగించి ఎక్స్‌ప్రెస్ బయల్దేరింది. బంతిని దీపం చుట్టూ, తన తల చుట్టూ తిప్పేసి, ఊపిరి కూడా తీసుకోకుండా "అర్థమైందా?" అంది.

పిన్ని చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "కాలేదు."

ఎక్స్‌ప్రెస్ చప్పట్లు కొట్టింది. "భలే చేస్తున్నారు పిన్నీ! అచ్చం వెనక బెంచీ పిల్లల్లాగే ఉంది."

"చెయ్యడం కాదే తల్లీ. నిజంగానే కాలేదు." అంది పిన్ని. "ఎప్పుడూ కాలేదు. నీకంటే ముందువాళ్లు చెప్పినప్పుడూ కాలేదు. నవ్వుతావేమో నవ్వు."

ఆ పిల్ల నవ్వలేదు.  పాఠమంతా మళ్లీ చెప్పింది, ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా. పిన్ని మళ్లీ అడ్డంగా తల ఊపింది.

"ఏది అర్థం కాలేదు పిన్నీ?" ఈసారి గొంతులో విసుగు తొంగిచూసింది.

 పిన్ని వెనక్కి తగ్గడానికి అదే సమయం. ఒక్క ఊఁ అంటే చాలు, అందరూ హాయిగా ఉంటారు. "నువ్వు బంతిని ఎటు తిప్పినా నాకు సగమే వెలుగు కనపడుతోంది. దీపంవైపు సగం వెలుగు, ఇటు సగం చీకటి, ఎప్పుడూ అంతే. మరి పెరిగేదెక్కడే, తరిగేదెక్కడ?"

ఎక్స్‌ప్రెస్ బంతిని చూసింది. దీపాన్ని చూసింది. బంతి పిన్ని చేతికిచ్చి అలాగే పట్టుకోమని, వెళ్లి పిన్ని కుర్చీలో కూర్చుంది. మాట్లాడకుండా కూర్చోవడం బహుశా ఆ పిల్లకు అదే మొదటిసారి.

"నిజమే పిన్నీ," అంది చివరికి. "ఇక్కడినుంచి కనపడదు. చెప్పేవాళ్లకి తప్ప ఎవరికీ కనపడదు."

అప్పుడు పిన్నిని గది మధ్యలో నిలబెట్టింది. "మీ తలే భూమి. చెయ్యి చాపి బంతిని దీపానికి ఎదురుగా పట్టుకోండి. ఏం కనపడుతోంది?"

"ఏమీ లేదు. నల్లగా ఉంది."

"అమావాస్య. ఇప్పుడు చెయ్యి దించకుండా మెల్లగా ఎడమకి తిరగండి."

పిన్ని తిరిగింది. బంతి అంచున గోటి ముక్కంత వెలుగు పుట్టింది. ఆమె ఆగిపోయింది. ఇంకాస్త తిరిగితే అది లావెక్కింది, ఇంకాస్త తిరిగేసరికి సగమయింది. దీపానికి పూర్తిగా వీపు పెట్టేసరికి బంతి ఆరిపోయింది.

"పోయిందే!"

"మీ తల నీడ పడింది, అది గ్రహణం. చెయ్యి కాస్త పైకెత్తండి."

ఎత్తింది. బంతి నిండా వెలుగు. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను మొద్దునని అనుకున్నానే ఇన్నాళ్లూ" అంది. "కూర్చున్న చోటునుంచి కనపడదంతేనా?"

ఆ సమయానికి సామాను దించి వచ్చిన బాబాయ్ తలుపు తోశాడు. మూసిన గదిలో పెళ్లాం బంతి ఎత్తి పట్టుకుని గుండ్రంగా తిరుగుతోంది. "ఏమయింది దీనికి?" అని గుమ్మంలోనే నిలబడిపోయాడు. పిన్ని వదిలిపెట్టలేదు. నడుం నొప్పి అంటున్నా వినకుండా ఆయన్నీ ఓ చుట్టు తిప్పింది.

ఆ వారమంతా పిన్ని ఊ కొట్టడం మానేసింది. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ చెయ్యెత్తింది. మొదట్లో ఎక్స్‌ప్రెస్ తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాత ప్రతి రెండు మాటలకూ ఆగి మొహం చూడటం అలవాటయింది. పరీక్ష రోజున వెనక బెంచీవాళ్లందరినీ ఒక్కొక్కరిగా మధ్యలో నిలబెట్టి బంతి తిప్పించేసరికి, పాఠం పూర్తి కాకుండానే బెల్లు కొట్టారట. అయినా పాసయింది.

వెళ్లే రోజు వచ్చింది. పెట్టె, పరుపు వ్యానులోకి ఎక్కాయి. బాబాయ్ స్టీరింగు ముందు కూర్చుని హారను మోగిస్తున్నాడు. ఎక్స్‌ప్రెస్ పిన్నిని కావలించుకుని, చెవి దగ్గర అడిగింది: "పిన్నీ, ఇన్నేళ్లలో విన్న పాఠాల్లో ఇంకేమేం అర్థం కాలేదు?"

పిన్ని నవ్వేయబోయింది. నవ్వు రాలేదు. 

"ఆకులు ఎండలో వాటి తిండి అవే చేసుకుంటాయంటారే, పొయ్యి లేదు, గిన్నె లేదు, ఎలా చేసుకుంటాయే?" అంది. ఆ పైన మాటలు ఆగలేదు. "సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటే వాన తియ్యగా ఎందుకుంటుంది? సున్నాతో గుణిస్తే ఉన్నదంతా ఎటుపోతుంది? అందరికీ ఊఁ అన్నానే. ఒక్కటీ అర్థం కాలేదు."

బయట హారను మళ్లీ మోగింది. "రైలుకి వేళయింది, ఏమిటా గుసగుసలు?" అని కేక.

"సాయంత్రం ఇంకో రైలుంది బాబాయ్!" అని ఎక్స్‌ప్రెస్ అరిచి, చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. కుర్చీ లాగి కిటికీ దగ్గర కాకుండా పెరట్లో మొక్క పక్కన వేసింది. "కూర్చోండి పిన్నీ. మెల్లగా చెబుతాను."

కాసేపటికి ఇంజను ఆగిన చప్పుడయింది. బాబాయ్ సణుక్కుంటూ పెరట్లోకి వచ్చి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "ఏమిటి పాఠం?"

"ఆకులు."

ఆయన తల గోక్కున్నాడు. తర్వాత బకెట్ బోర్లించుకుని పెళ్లాం పక్కనే కూర్చున్నాడు. "నాకూ అర్థం కాలేదు," అన్నాడు. "మొదటినుంచి చెప్పమ్మా."