బాతు పొదిగిన కొబ్బరికాయ

"మొగుడు డయాలసిస్ మంచం మీదుంటే బొమ్మల సినిమా చూసి నవ్వింది" అని మా చుట్టాలు నా గురించి చెబుతుంటారు. తప్పు. నవ్వింది ఆయన.

ఉద్దానంలో మాది కొబ్బరితోట. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి, నాలుగేసి గంటలు ఆ మిషన్‌కి ఆయన చెయ్యి అప్పగించాలి. ఆ రోజు ఫోన్లో బొమ్మల సినిమా పెట్టాను. అందులో ఎవరూ చావరు, ఎవరికీ రిపోర్టులు రావు. ఒక బాతు కొబ్బరికాయను గుడ్డనుకుని పొదుగుతోంది.

"దానికి పీసు తీసి సూపించండర్రా!" అంటూ ఆయన పగలబడి నవ్వారు. సూది ఉన్న చెయ్యి కదిలి మిషన్ కుయ్యిమంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సు పరుగున వచ్చి సరిచేసి, "ఏటీ కాలేదు. సెయ్యి కదపకుండా నవ్వండి బాబూ" అంది.

చూడ్డానికొచ్చిన ఆయన అక్క ఊరుకుంటుందా? "ఏడవాల్సిన సోట ఈ ఇకఇకలేటే? నా తమ్ముడ్ని సంపేత్తావేటి?" అంటూ ఫోను లాక్కోబోయింది.

"అప్పా, అడ్డు తప్పుకో. గుడ్డు పగిల్నాదో నేదో సూడాల" అన్నారాయన అక్కతో.

నేను ఫోను వదల్లేదు. ఇప్పటికీ వదల్లేదు. మా వదినని ఒక్కటే అడుగుతున్నాను: నాలుగు గంటలూ నేను ఏడుస్తూ కూర్చుంటే ఆయన రక్తం ఇంకాస్త శుభ్రపడుతుందా?