అలిమేలమ్మకు వినపడని సైరన్

అలిమేలమ్మకు చిన్నప్పటి జ్వరంలో చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. కడంబత్తూరు పక్కన ఏటి ఒడ్డు వీధిలో ఒంటరిగా ఉంటూ పూలు కడుతుంది. రాత్రిపూట ఏరు పొంగి తన మేక బెదిరి లేస్తే తానూ లేవాలని, దాని పలుపు చేతికి చుట్టుకుని పడుకుంటుంది. విదేశీ సంస్థవాళ్ళు వరద సైరన్ పెట్టి, ఒకనాడు పరీక్షకని దాన్ని మోగించి, ఊరిని బడి దాకా పరుగెత్తించి చూశారు. ఆమె పూల నుంచి తలెత్తేసరికి వీధిలో ఒక్క మనిషీ లేడు. ఏటిగట్టు తెగిందనుకుని బడి దాకా పరుగెత్తింది. అక్కడ అందరూ టీ తాగుతున్నారు.

“ఏమత్తా, ఇంత లేటు? నెజంగా ఏరొచ్చుంటే కొట్టుకపొయ్యుంటావే!” అన్నాడు పక్కింటి చంద్రు.

ఆమె సంస్థ సారు చొక్కా పట్టుకుంది. “నాకు కండ్లకు తెలిసేది పెట్టు సామీ.”

“వచ్చే ఏడు లైటు పెడతామమ్మా.”

“అందాకా ఐప్పసి నెల వరద వాన ఆగుతుందా?” అని అడిగింది. పట్టుకున్న చొక్కా మాత్రం వదల్లేదు.