తాగని సిగరెట్‌కు ఓదార్పు

కోరుట్ల జైపాల్‌కు చదువు రాక కాదు, ఊపిరి చాలక ఉద్యోగం చేజారింది. పోయినసారి పోలీసు సెలెక్షన్ పరుగులో చివరి మలుపు దగ్గర దగ్గుతూ కూలబడ్డాడు. ఈసారీ అదే జరిగితే వయసు దాటిపోతుంది. ఇక జీవితాంతం సెల్‌ఫోన్ షాపులో టెంపర్ గ్లాసులు అతికించుకోవడమే. అందుకే గ్రౌండ్‌లో పరుగు సాధన చేయడానికి జగిత్యాలలో రూం తీసుకున్నాడు. డిగ్రీ నాటి నుంచి వేళ్ల సందున ఉన్న సిగరెట్ పారేశాడు. మానేవాళ్లు ఒకరికొకరు అండగా ఉంటారంటే ఒక యాప్‌లో చేరాడు.

అండ అంటే ఏమిటో మొన్న పొద్దున తెలిసింది. పరుగు మధ్యలో ఆయాసంతో ఆగిపోయి, అక్కడే కూర్చుని యాప్‌లోని గ్రూపుకు రాశాడు: "రెండో రౌండ్‌ల దమ్ము కోసం పానం కొట్టుకున్నది. తట్టుకోలేకపోయిన. గిప్పుడేం జేయాలె?"

అతని లెక్కలో దమ్మంటే ఊపిరి. గ్రూపుకు మాత్రం సిగరెట్. ఇంకేం, దయ కుండపోతగా కురిసింది. "జారిపడటం ఓటమి కాదు బ్రో." "నిన్ను నువ్వు క్షమించుకో." గ్రూపును నడిపే సంధ్య మేడం ఇంకో అడుగు ముందుకేసింది: "నిజం ఒప్పుకున్నందుకు అభినందనలు. మీరు సిగరెట్ మానిన రోజుల లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి పెట్టాను."

"మేడం, నేను తాగలే! ఉరికిన!"

"కాదనడం కూడా ఈ దారిలో ఒక దశే తమ్ముడూ. మేమున్నాం."

ఎదురుగా లేని మనిషి దయతో కొట్లాడటం ఎట్లా? జైపాల్ ఫోన్ జేబులో కుక్కుకుని టీ కొట్టుకు పోయాడు. అక్కడ అతని రూమ్మేట్, సిరిసిల్ల బాలకిషన్, పొగ వదులుతూ కూర్చున్నాడు. సంగతి విని పడిపడి నవ్వాడు.

"తాగినవని పేరు వడనే వడ్డది. తాగిన సుఖమన్న దక్కించుకోరాదుర!" అంటూ ఒక సిగరెట్ చేతిలో పెట్టాడు.

జైపాల్ దాన్ని పెదాల దాకా తెచ్చాడు. అగ్గిపుల్ల కూడా గీశాడు. ఉన్నట్టుండి ఆ పుల్లను విసిరికొట్టాడు.

"వద్దుర బై. ఇది ముట్టిస్తే గామె మాట నిజమైతది."

"గదేందిర, మేడం మీద పంతానికి మానుతున్నవా, నౌకరి కోసమా?"

"రెండిటికీ. ముందుగాల మేడం," అని జైపాల్ సిగరెట్ వాడి ఒళ్లో పడేసి, మళ్లీ గ్రౌండ్ వైపు తిరిగాడు.